మా పొట్టికాళ్ళ కుక్కకు తాత పెట్టిన పేరు

మొన్న ఆదివారం పక్కింటి పిల్లలు ఒక కుక్కపిల్లను తెచ్చుకున్నారు. జానెడు కాళ్ళు, మూరెడు ఒళ్ళు, నేలను రాసుకునే కడుపు. డాష్‌హండ్ అట. ఈ మదనపల్లెలో ఇప్పుడు ఏ జాతి కుక్క కావాలన్నా దొరుకుతుంది. బడిలో తెలుగు చెప్పేదాన్ని గనక మంచి పేరు నా దగ్గరే ఉంటుందని వాళ్ళ నమ్మకం. దాన్ని తెచ్చి నా ఒళ్ళో పడేసి, పేరు చెప్పమని చుట్టూ కూర్చున్నారు. అది నా చెయ్యి నాకింది. నేను దాన్ని కిందికి దించి, పొయ్యి మీద పాలు పెట్టానని చెప్పి లోపలికి వచ్చేశాను. పొయ్యి మీద పాలూ లేవు, ఏమీ లేవు. పిల్లలు కాసేపు చూసి వెళ్ళిపోయారు. పాపం, ఆంటీకి కుక్కలంటే గిట్టదని అనుకుని ఉంటారు.

గిట్టకపోవడం కాదు. సరిగ్గా అలాంటి కుక్కకే మా ఇంట్లో ఒక పేరు పెట్టారు. ఆ పేరు వల్ల ఒక మనిషి చనిపోయాడని మా అవ్వ చనిపోయేదాకా నమ్మింది. నేను నమ్ముతానా అంటే పగలు నమ్మను.

మాది పుంగనూరు నుంచి చౌడేపల్లె పోయే దారిలో, బస్సు దిగి కొంత లోపలికి నడవాల్సిన పల్లె. తాత ఇల్లు, ఆయన తమ్ముడు చిన్నతాత ఇల్లు పక్కపక్కనే. రెండు పెరళ్ళకూ నడుమ ఒకే గోడ, వాననీళ్ళు పోవడానికి ఆ గోడ అడుగున ఒక తూము. రెండిళ్ళకూ కలిపి ఒక బావి ఉండేది. వంతులు పెట్టుకుని దాని కింద టమాటా, వేరుశెనగ పండించేవాళ్ళు. చిన్నతాత ఆ బావికి కూతవేటు దూరంలో తన చేలో బోరు వేయించాడు. బోరులో నీళ్ళు పడ్డాయి. ఆ ఎండాకాలమే బావి అడుగు కనిపించింది. కాయ మీదున్న తాత తోట నిలువునా ఎండిపోయింది. అంతటితో అన్నదమ్ముల మధ్య మాటలు తెగిపోయాయి. నాకు ఊహ తెలిసేనాటికే ఆ రెండిళ్ళ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది.

మాటలు లేని ఇళ్ళలో కూడా చెప్పుకోవలసినవి ఉంటాయి కదా. దానికి మా వైపు ఒక పద్ధతి ఉంది. మనిషితో మాట్లాడరు, ఇంట్లో ఉన్న గొడ్డుతో మాట్లాడతారు. చిన్నతాత దూడ మా గడ్డిలో పడితే మా అవ్వ మా బర్రెను పట్టుకుని, ఒకరి గడ్డికి ఆశపడేదానికి సిగ్గుండాల అని గోడ దాకా వినబడేలా తిట్టేది. అవతల చిన్నవ్వ తన కోళ్ళకు గింజలు చల్లుతూ, కొంతమందికి కండ్లు నెత్తికెక్కినాయని కోళ్ళకు చెప్పేది. పాపం ఆ బర్రె, ఆ కోళ్ళు ఎన్ని నిష్ఠూరాలు మోశాయో. ఏ మాట బర్రెకు, ఏ మాట పక్కింటికి అన్నది మా పిల్లలందరికీ తెలుసు.

ఇలాంటి ఇంట్లోకి ఆ కుక్క వచ్చింది. చింతపండు కొట్టే కాలం అది. ఇల్లంతా పుల్లటి వాసన, వాకిట్లో ఈతచాపల మీద గుట్టలుగా చింతకాయ. అమ్మ, అవ్వ కొట్టి గింజ తీస్తుంటే నేను కాస్త పండు దొంగిలించి, ఉప్పూ మిరపపొడీ కలిపి దంచి, పుల్లకు గుచ్చుకుని చీకేదాన్ని. నాన్న తెల్లవారుజామునే మదనపల్లె టమాటా మార్కెట్టుకు పోయి, సాయంత్రానికి బట్టల నిండా మగ్గిన టమాటా వాసనతో తిరిగివచ్చేవాడు. అలా ఒక మధ్యాహ్నం కుప్పం నుంచి మా మామ వచ్చాడు. అక్కడొక గ్రానైటు రాళ్ళ కంపెనీలో ఆయనకు ఉద్యోగం. యజమాని ఊరు వదిలి వెళ్తూ కుక్కపిల్లను ఈయనకు అంటగట్టాడట. పలమనేరు మీదుగా రెండు బస్సులు మారి, వెదురుబుట్టలో పెట్టుకుని తెచ్చాడు. బుట్ట మూత తీయగానే ముందు ముక్కు వచ్చింది, తర్వాత ఒళ్ళు వచ్చింది, ఇంకా వస్తూనే ఉంది.

ఊరు ఊరంతా చూడటానికి వచ్చింది. కాళ్ళు నరికేసినారా అని ఒకరు, కడుపులో ఉన్నప్పుడే ఎవరో తొక్కినారని ఒకరు. జర్మనీ జాతి అని మామ గొప్పలు పోయాడు. యజమాని దాన్ని పిలిచే ఇంగ్లీషు పేరు ఆయనకు బస్సులోనే గుర్తుండలేదు. దాంతో పేరు పెట్టే పని మా మీద పడింది.

అది చిన్న పని కాదు మా ఇంట్లో. కుక్కకు ఏ పేరు పెట్టినా రోజూ గోడ అవతలికి వినబడుతుంది. నేను టైగర్ అన్నాను. మామ పొట్ట పట్టుకుని నవ్వాడు. అమ్మ రాజా అంది. అది సదుంలో ఉన్న చిన్నవ్వ అన్న కొడుకు ముద్దుపేరు, కావాలనే పెట్టారని తగవుకు వస్తారని అవ్వ ఒప్పుకోలేదు. దేవుడి పేరు కుక్కకు పెట్టకూడదు. చచ్చిపోయిన పెద్దవాళ్ళ పేరు పెడితే ఆ పేరుతో కుక్కను తిట్టాలి. బతికున్నవాళ్ళ పేరైతే కొట్లాటే. ఇలా మా అవ్వ ఒక్కొక్క పేరునే చింతగింజను తీసి పారేసినట్టు పారేస్తుంటే, కుక్క పేరు లేకుండానే తిని తిరుగుతూ ఉండింది.

తాత ఇందులో కలగజేసుకోలేదు. అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తూ అన్నీ విన్నాడు. ఒక సాయంత్రం లేచి పెరట్లోకి వచ్చి, గోడవైపు తిరిగి, బాగా గొంతెత్తి కుక్కను ఒక పేరుతో పిలిచాడు.

ఆ పేరు నేను కాగితం మీద పెట్టను. ఊడ్చి పారబోసే చెత్త అని దానికి అర్థం. నాకు నవ్వొచ్చింది. కానీ అవ్వ చేతిలో చింతపండు కొట్టే కట్టె ఆగిపోయింది. గోడ అవతల చిన్నతాత దగ్గుతున్నాడు, ఆ దగ్గూ ఆగిపోయింది. అవ్వ లేచి వచ్చి, తాత ముఖంలోకి చూసి, ఆ పేరు మాత్రం వద్దంది. కుక్కకు పేరు పెట్టుకోవడానికి కూడా ఒకర్ని అడగాలా అని తాత అన్నాడు. అన్నది అవ్వతోనే, ముఖం మాత్రం గోడవైపే ఉంది.

సంగతేమిటో ఆ మరుసటి రోజు అవ్వ నాకు తల దువ్వుతూ చెప్పింది. తాత తర్వాత వాళ్ళమ్మకు పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోయారట. చివరికి చిన్నతాత పుట్టాడు. మంచి పేరు పెడితే, ముద్దు చేస్తే మృత్యువు కన్ను పడుతుందని భయపడి, పసిగుడ్డును ఇంటి ముందరి చెత్తదిబ్బ మీద పడుకోబెట్టారు. పొరుగింటామె వచ్చి ఏరుకుని, చేటెడు తవుడు తీసుకుని తల్లికి అమ్మింది. ముక్కు కుట్టించి ఆ పేరు పెట్టారు. ఇది చెత్త, దీన్ని ఎవరూ కోరుకోరు అని మృత్యువును నమ్మించడానికన్న మాట. పెద్దయ్యాక బడిలో వేరే పేరు రాయించారు, ఊరికి ఆ బడిపేరే తెలుసు. వాళ్ళమ్మ పోయాక పాత పేరు తెలిసినవాళ్ళు తాత, అవ్వ తప్ప మిగల్లేదు. చిన్నవ్వకు కూడా తెలియదు.

"ఆ పేరు ఆయప్ప పానానికి కాపలా మే," అంది అవ్వ. "దాన్ని తీసి కుక్క మెడకు కట్టినాడు మీ తాత. ఇంగ ఆయప్ప కాపలా లేకుండా నిలబడుకోనుండాడు."

అప్పటిదాకా నేను చిన్నతాతను సరిగా చూసింది లేదు, చూడకూడదని నియమం. ఆ రోజు గోడ ఎక్కి చూశాను. మంచం మీద కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తున్నాడు. ఎడమ ముక్కుపుటానికి చిన్న రంధ్రం, ఎప్పుడో పూడిపోయి గుంటలాగా ఉంది. బక్కచిక్కి ఉన్నాడు. ఇంతకుముందు కూడా అలాగే ఉన్నాడో, పేరు పోయాకే అలా అయ్యాడో నాకు తెలియలేదు. ఆ తెలియకపోవడమే నన్ను ఎక్కువగా భయపెట్టింది.

తాత మాత్రం ఆ పేరును తీరిగ్గా వాడుకున్నాడు. పొద్దున సంగటిముద్ద వేస్తూ ఒకసారి, సాయంత్రం గేటు వేస్తూ ఒకసారి, మధ్యలో ఊరికే కూడా. ఇంత తిండి పెడతాంటే పక్కింటి ఎంగిలికి పోతావా అని కుక్కను నిలదీసేవాడు. కుక్క నిజంగానే పోయేది. దానికి గోడలో తూము ఉందని తెలిసిపోయింది. ఇంకే కుక్కా పట్టని ఆ బొక్కలో అది ముక్కు పెట్టి, ముందుకాళ్ళతో నాలుగు పెళ్ళలు తవ్వి, ఒళ్ళంతా ఈడ్చుకుంటూ అవతల తేలేది. నేరుగా చిన్నతాత మంచం కింద పడుకునేది. చిన్నవ్వ చీపురు విసిరేది, ఆయన ఒలిచిన పప్పు విసిరేవాడు.

ఆ దగ్గు ఎక్కువైంది. చిన్నతాతను మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోయి, కొన్నాళ్ళు ఉంచి, ఇంటికి తీసుకొచ్చారు. కారులోంచి ఆయన కొడుకూ ఇంకొకరూ పట్టుకుని దించారు. ఆయన కాళ్ళు నేల మీద ఆనుతున్నాయే గాని నడవడం లేదు. ఆ మధ్యాహ్నం మా కుక్క ఆయన గడప మీద మూతి పెట్టి ఏడ్చింది. అంతవరకు అది మొరగడమే మేము వినలేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ ఏడుపు సాగుతూ ఉంటే చింతపండు కొట్టే ఆడవాళ్ళందరూ చేతులు ఆపేశారు. అవ్వ చీర కొంగుతో నా చెవులు మూసింది.

ఆ తర్వాతే చిన్నవ్వ మా ఇంటికి వచ్చింది. నాకు తెలిసి ఆమె మా వాకిట్లో అడుగు పెట్టడం అదే మొదలు. గడప దాటలేదు, ద్వారబంధం పట్టుకుని నిలబడింది. మొగుడు జ్వరంలో ఆ పేరు సంగతి చెప్పేశాడట. బర్రెతోనూ చెప్పలేదు, కోళ్ళతోనూ చెప్పలేదు, ఎదురుగా అవ్వ ముఖంలోకి చూసి చెప్పింది.

"అక్కా, కుక్క పేరు మార్చమని బావకు సెప్పు. ఆ మనిషి దినాం కరిగిపోతాండాడు."

తాత లోపలి గదిలోనే ఉన్నాడు. నా కుక్క, నా నోరు, అన్న మాట బయటికి వచ్చింది. తాత మాత్రం రాలేదు. చిన్నవ్వ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆ రాత్రి అవ్వ తాతకు అన్నం పెట్టలేదు, అమ్మ పెట్టింది. నాకు తాత మీద అప్పుడు పుట్టిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

తాత మార్చకపోతే మనమే మారుద్దామని అవ్వ, నేను ఒక కుట్ర పన్నాం. తాత చేనికి పోగానే బెల్లం ముక్క చేత్తో పట్టుకుని కుక్కను కొత్త పేర్లతో పిలిచేవాళ్ళం. రాజా వద్దన్న అవ్వే ఇప్పుడు రాజా అని పిలిచింది. సదుం వాళ్ళు తగవుకు వస్తే రానీ అంది. నేను టైగర్, జిమ్మీ, చిట్టి అన్నీ ప్రయత్నించాను. అది బెల్లం తినేది, మూతి నాక్కునేది, పేరుకు మాత్రం చెవి కూడా కదిలించేది కాదు. సాయంత్రం తాత గొంతు వినబడగానే పొట్టికాళ్ళతో దొర్లుకుంటూ పరుగెత్తేది. ఆ పేరుకు అది అతుక్కుపోయింది. విడదీయడం మా వల్ల కాలేదు.

ఒక రోజు కుక్కను తీసుకురావడానికి నేను వాళ్ళ పెరట్లోకి పోయాను. చిన్నవ్వ నీళ్ళకు పోయింది. వసారాలో మందుల వాసన, మగ్గిన గుడ్డల వాసన. చిన్నతాత కళ్ళు తెరిచి నన్ను దగ్గరికి రమ్మన్నాడు. పేరు మార్చాలని చూస్తున్నారంట కదా అన్నాడు. అవునన్నాను. వాళ్ళింట్లో ఏదీ ముట్టకూడదు గనక చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను.

"వొద్దు మే," అన్నాడు. "మా అమ్మ పోయినంక ఆ పేరు నా సెవిన పడింది మీ తాత నోట్లోంచే. కుక్కను పిలిచినా నాకు పానం లేసొస్తాది. ఒకసారి కుక్కను గాదు, నన్ను పిలవమని సెప్పు."

నేను పరుగెత్తుకుంటూ వచ్చి తాతకు చెప్పాను. సంగటిలోకి ఊరుబిండి పచ్చడి పెట్టుకుని తింటున్నాడు. చెప్పింది చెప్పినట్టు చెప్పాను, ఒక్క ముక్క వదల్లేదు. ఆయన ముద్ద కంచంలో వదిలేశాడు. చెయ్యి కడుక్కుని, ఉతికిన పంచె కట్టి, భుజాన టవలు వేసుకుని బయటికి నడిచాడు. అవ్వ తలుపు వెనక నిలబడి రెండు చేతులూ జోడించింది. నేను తాత వెనకే పోయాను.

వాళ్ళ గేటు తీసే ఉంది. అరుగు మీద చిన్నవ్వ పుట్టింటివాళ్ళు, సదుం నుంచి అప్పుడే వచ్చినవాళ్ళు, కూర్చుని ఉన్నారు. తాతను చూశారు. చూసి మాటలు ఆపేశారు. రాకపోకలు తెగిన ఇంట్లోకి ఎవరో ఒకరు రమ్మనకుండా అడుగు పెట్టరు మా వైపు. రాప్పా అన్న ఒక్క మాట చాలు. ఎవరూ అనలేదు. తాత గేటు దగ్గర నిలబడే ఉన్నాడు, మెడ మీద చెమట కారుతోంది. అప్పుడు ఆయన, కుక్క కోసమే వచ్చినవాడిలాగా, కుక్కను పిలిచాడు.

మంచం కింద నుంచి కుక్క వచ్చింది. దాని వెనకే లోపలి నుంచి "అన్నా" అని వినిపించింది. సన్నటి గొంతు, కానీ బాగా వినిపించింది. నాకు వినిపించింది, అరుగు మీదివాళ్ళకు వినిపించింది. తాత చెవులు చివరిదాకా బాగానే పనిచేశాయి. ఆయన వంగి కుక్కను చంకన పెట్టుకుని వెనక్కి తిరిగాడు. అరుగు మీద ఒకడు కిసుక్కున నవ్వాడు, కుక్క కోసం వచ్చినాడప్పా అని.

మరుసటి రోజు పొద్దున గోడ అవతల చిన్నవ్వ ఏడుపుతో నిద్ర లేచాం.

చావు ఇంట్లో తగాదా ఉండదు. తాతే అన్నీ ముందు నిలబడి చేయించాడు. ఎవరో కుర్చీ వేస్తే కూర్చోలేదు, కాఫీ ఇస్తే తాగలేదు. నేను కుక్కను చింతపండు మూటలుండే గదిలో పెట్టి తలుపు వేశాను. పలకడప్పులు మోగాయి, పాడె లేచింది. ఆడవాళ్ళందరూ వీధి చివర ఆగి ఏడుస్తుంటే నా కాళ్ళ పక్కనుంచి కుక్క దూసుకుపోయింది. తలుపు కింద మట్టినేల తవ్వుకుని బయటపడ్డట్టుంది. దాన్ని పట్టుకోవాలని నేను మగవాళ్ళ వెనక పరుగెత్తాను. ఆ గోలలో నన్ను ఎవరూ ఆపలేదు.

వంక దగ్గర దారి చీలే చోట పాడెను దించారు. దింపుడు కళ్ళం అంటారు. ప్రాణం ఎక్కడైనా మిగిలి ఉందేమోనని అయినవాళ్ళు ఒకరు చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. పలకకపోతే ఇక శ్మశానమే. చిన్నతాత కొడుకు ఏడుస్తూ పక్కకు జరిగాడు. పెద్దోడివి నువ్వే పిలువప్పా అని తాతను ముందుకు తోశారు. తాత మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఊరందరికీ తెలిసిన బడిపేరు పిలుస్తాడనుకున్నారు. ఆయన తమ్ముడి చెవి దగ్గరికి వంగి ఆ పాత పేరు పిలిచాడు. మెల్లగా పిలిచాడు, నాకు పెదవులు కదలడమే కనిపించింది. రెండోసారికి గొంతు ఆయన చేతుల్లో లేకుండా పోయింది. గోడ దగ్గర నిలబడి పిలిచే ఆ గొంతే వచ్చింది.

మగవాళ్ళ కాళ్ళ మధ్య నుంచి కుక్క తోక ఊపుకుంటూ వచ్చింది. ముందుకాళ్ళు రెండూ పాడె వెదురు మీద పెట్టి, మెడ చాచి, తాత ముఖంలోకి చూసింది. పిలిచావు, వచ్చాను అన్నట్టే చూసింది.

పలకలు వాయించేవాళ్ళు ఆపేశారు. ఎవరూ నవ్వలేదు. ఎవరో వెనకనుంచి, ఇంకొక్కసారి పిలవాల, మూడు పూర్తి కావాల అన్నారు. తాత నోరు తెరిచాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది, అందులోంచి ఏమీ రాలేదు. నేను పోయి కుక్కను ఎత్తుకున్నాను. కాసేపు చూసి, పొద్దు పోతాందని చెప్పి, పాడెను అలాగే లేపారు.

ఆ తర్వాత మా ఇంట్లో కుక్కను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. కంచం మీద తడితే వచ్చేది. చాలా ఏళ్ళే బతికింది. తాత రోజూ తన చేత్తోనే ముద్ద పెట్టేవాడు, ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. అవ్వ మాత్రం ఆ మూడో పిలుపు గురించి భయపడుతూనే ఉండింది. ఆపేసిన పిలుపు యాడికీ పోదు, పిలిచినవాడి గొంతులోనే ఉంటాదని, అది బయటికి వచ్చిన రోజు ఎవరో ఒకరు లేచి పోవాల్సిందేనని అనేది. నేను కాలేజీలో చేరాను, ఆ మాటలు విని చిరాకు పడేదాన్ని.

కుక్క పోయిన కొన్నేళ్ళకు తాతకు పక్షవాతం వచ్చింది. మదనపల్లె ఆసుపత్రిలో చేర్చాం. మాట పడిపోయింది, మమ్మల్ని గుర్తుపట్టేవాడు కాదు. ఒక మధ్యాహ్నం అవ్వ ఆయన పాదాలు పట్టుకుని కూర్చుంది, నేను కిటికీ దగ్గర బత్తాయి ఒలుస్తున్నాను. తాత కళ్ళు తెరిచి తలుపువైపు చూశాడు. ఇన్నాళ్ళూ ఒక్క అక్షరం పలకని మనిషి, ఆ పేరును స్పష్టంగా, గట్టిగా, ఒక్కసారి పిలిచాడు.

నేను తలుపువైపు చూశాను. అక్కడ ఎవరూ లేరు. అవ్వ ఏడవలేదు. తాత పాదాల మీది దుప్పటి సర్ది, నావైపు తిరిగింది.

"అయిపాయె," అంది. "పోయి మీ నాయన్ను పిలుచుకోని రా మే."

నేను నాన్నను వెంటబెట్టుకుని మెట్లెక్కి వచ్చేసరికి, అవ్వ తాత కళ్ళు మూసేసి, ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టి కూర్చుని ఉంది.